కాకిబంగారం

ముందు అది వెళ్ళిపోయింది. మోత తర్వాత వచ్చింది.
సైదాపురం హైస్కూలు పెంకుల మీద
ఎవరో గోతం నిండా రాళ్ళు గుమ్మరించినట్టు
ఒక్కటే దెబ్బ.
నల్లబల్ల మీది నా బాణం గుర్తుల మీదికి
ఏనాటిదో దుమ్ము రాలింది.

తొమ్మిదో తరగతి మొత్తం బయటికి పరిగెత్తి
మోత వచ్చిన వైపే చూస్తోంది.
అక్కడ కాదురా, ముందుకు చూడండి,
రాపూరు కొండల మీద తెల్లటి గీత, దాని కొసన.
ఎవరికీ కనపడలేదు.
నిజానికి నాకూ కనపడలేదు.

"ఏందయ్యోరా అది?" అంది ఆయా మస్తానమ్మ.

ఆకాశంలో గోడ ఉందనుకున్నారమ్మా ఒకప్పుడు.
శబ్దమంత వేగం దగ్గరికి పోయేసరికి
రెక్కలు చలిజ్వరమొచ్చినట్టు వణికేవి,
చేతిలోని కడ్డీ బిగుసుకుపోయేది,
కొన్ని ముక్కలై నేలకొచ్చాయి, మనుషులతో సహా.
మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే
నారింజ రంగుది ఒకటి
పెద్ద విమానం కడుపు కింద వేలాడి, జారి,
నాలుగు గొట్టాలు ముట్టించుకుని
గోడ అవతలికి పోయింది.

"ఏం పోసి ముట్టించారు?"
సారాయి, అన్నాను. సారాయీ, చలికి నీళ్ళైపోయిన గాలీ.
మస్తానమ్మ నవ్వింది,
నిరుడు వీధి చివర కొట్టుకి తాళమేసిన చెయ్యే
నోటికి అడ్డం పెట్టుకుని.
"తాగి మా ఆయన గోడని గుద్దేవోడు గానీ
అవతలికి ఎప్పుడు పొయ్యాడు?"

రెక్క గురించి చెప్పాను.
మందం రెక్క గాలిని తోస్తుంది,
పోను తావు లేక గాలి గుట్టపడుతుంది.
అందుకే పలచన చేశారు, ముక్కు సూదిగా చెక్కారు...
మధ్యలోనే అందుకుంది:
"గోడేంది అయ్యోరా. రాయే గోడ కాదు.
పొరలు. అంచు దొరకాలంతే."

ఎనిమిదో ఏట నుంచి అబ్రకం చీల్చిన మనిషి.
కాళిచేడు గని షెడ్డులో
కాళ్ళు చాపుకుని వరసగా డెబ్బై మంది ఆడవాళ్ళు,
ఒళ్ళో పచ్చటి దిమ్మలు.
కత్తి మొన ఎక్కడ ఆనించాలో చెప్పేది కన్ను కాదు, చెవి.
గోటితో మీటితే గలగలమన్నది మంచి పొర,
బొంగురుపోయింది చెత్త.
మూడు పొరలు కలిస్తే ఒక వెంట్రుక, అది మేస్త్రీ కొలత.
ఊళ్ళో దాని పేరు కాకిబంగారం.
పెట్టెల్లో సర్దితే గూడూరు, గూడూరులో రైలు, మద్రాసులో ఓడ.
"ఇమానాలకంట" అనేవాడట మేస్త్రీ, యుద్ధం రోజుల్లో.

ఏ విమానం, ఏ రేడియో, ఏ బల్బు కడుపులో ఏ పొర?
నారింజ రంగుదాంట్లో ఉందో లేదో నాకు తెలీదు.
ఉందని చెప్పాలనిపించింది. చెప్పలేదు.
ఆమె కుడి బొటనవేలికి గీతలు లేవు.
ఒకటో తారీఖు జీతం పట్టీ మీద
నున్నటి మచ్చ ఒకటి పడుతుంది.

పిల్లలు లోపలికొచ్చారు.
ఆమె గుమ్మంలోనే ఆగింది.
"లోపల కూసున్నోడికి ఆ మోత ఇనపడద్దా?"
వినపడదు. వాడి వెనకాల, దారి పొడుగునా,
కింద ఉన్నవాళ్ళ మీద పడుతుంది.
"అయితే మనకే."
మనకే.

చీపురు అందుకుని బెంచీల మీది దుమ్ము ఊడుస్తూ
వంగి ఏదో ఏరింది.
పెంకు ముక్క.
ఎండకి పెట్టి చూసి,
గోటితో ఒకసారి మీటి,
కిటికీలోంచి అవతల పారేసింది.