అక్టోబరు లెక్క

అక్టోబరులో లువాంగ్వా సగం నది.
మిగతా సగం ఇసుక, ఇసుక మీద ఎండ,
ఎండలో ఎవరో మరిచిపోయిన దుంగ ఒకటి.
దుంగ కన్ను తెరిచింది.
మేం దూరం జరిగాం.

జెలిపా చూస్తుంది, నేను రాస్తాను.
ముందు తుపాకీతో నడిచే మాటెయో మాట్లాడడు.
గాలి ఎటు పోతోందో తెలియడానికి
జేబులోంచి చిటికెడు బూడిద తీసి వదులుతాడు.

నీటిగుర్రాల్ని తలలు చూసి లెక్కపెట్టొద్దని
మొదటి రోజే చెప్పింది జెలిపా.
తలలు అబద్ధాలాడతాయి.
ఇక్కడ మునిగి అక్కడ తేలతాయి,
తేలింది మునిగిందేనా, దాని చెల్లెలా?
"ఊపిరి చూడు. ఎవరిది ఎవరిదో గుర్తుపెట్టుకో.
ఐదు నిమిషాలకి మించి
ఊపిరి దాచుకోవడం వాటికి చేతకాదు."

ఇక మడుగు గట్టున కూలబడతాం.
గడియారం నా మోకాలి మీద.
ఒకటి బుస్సుమంటుంది,
పక్కది చెవులు విదిలిస్తుంది,
తుంపరలో ఒక్క క్షణం రంగులు.
నేను గీత గీస్తాను.
నాలుగు నిలువు, అయిదోది అడ్డం.

ఎదుటి గట్టు నిండా కెంపురంగు పసిరిక పిట్టలు,
మట్టిగోడని జల్లెడ చేసి కాపురం పెట్టాయి.
వాటి లెక్క మాకెవరూ అప్పజెప్పలేదు.
"వీళ్ళకి అద్దె లేదు, ఆడబిడ్డ పోరు లేదు"
అంటుంది జెలిపా, దుర్భిణి తుడుచుకుంటూ.
అన్నీ ఒక్కసారి లేచాయంటే
గట్టుకి నిప్పంటుకుని
ఆ నిప్పే ఎగిరిపోయినట్టుంటుంది.
కింద ఒక ఉడుము
తొందరేం లేనట్టు పడుకుని ఉంటుంది.

మధ్యాహ్నం మ్వుంగుటి చెట్టు నీడ,
న్షిమా ముద్ద, ఎండు చేప.
పూలు రాలితే జింకలకి విందు,
కాయ రాలితే మన నెత్తి రెండు చెక్కలు.
పైకి చూస్తూ తినాలి.

మూడో రోజు, మలుపు దగ్గర పెద్ద మడుగు.
ఇరవై రెండు, అంది. ఇరవై మూడు. ఇరవై నాలుగు.
ఆగింది.
దుర్భిణి దించలేదు.

దేనికోసమో నాకు తెలుసు.
కుడిచెవి సగం చిరిగిన ముసలి మగది.
తొమ్మిదేళ్ళ కిందట, తొలి వానల వారం,
ఆమె తమ్ముడు యోబె పడవని
కిందినుంచి ఎత్తింది అదే.
పడవ ఇంకా వాళ్ళ పెరట్లోనే ఉంది,
అడుగున బొటనవేళ్ళు రెండు పట్టేంత గాటు.
అందులో కోడి పొదుగుతోంది.

ఏటా దాన్ని ఆమే పలుకుతుంది,
గొంతు మారకుండా, అన్నిటితో పాటే.
ఆఫీసుకి అదొక అంకె.
"దాన్ని వదిలేస్తే?" అన్నాను పోయినేడు.
"లెక్క తప్పితే మళ్ళీ మొదటి మడుగు నుంచి నడవాలి.
నీకున్నాయా అన్ని కాళ్ళు?" అంది.

ఐదు నిమిషాలు.
పది.
మాటెయో బూడిద వదిలాడు.
గాలి లేదు, అది అతని బూట్ల మీదే పడింది.
ఇరవై నాలుగు ఊపిర్లు, మళ్ళీ అవే, మళ్ళీ అవే.

సంతోషించాలి కాబోలనుకుని
ఆమె ముఖం కేసి చూశాను.
బాకీ వసూలైనవాళ్ళ ముఖం కాదది.
బాకీదారు చెప్పకుండా ఊరొదిలాడని
అప్పుడే విన్నవాళ్ళ ముఖం.

పొద్దు వాలింది.
పిట్టలు ఒక్కొక్కటే గోడలోకి దూరాయి.
ఇక నీళ్ళలోవి గట్టెక్కి గడ్డికి బయల్దేరే వేళ,
మేం ఇక్కడ ఉండకూడని వేళ.
మాటెయో దగ్గాడు.
"ఇంకో ఐదు నిమిషాలు" అంది జెలిపా.

గడియారం బోర్లా పెట్టాను.
చీకట్లో పుస్తకం పేజీ మాత్రం తెల్లగా కనిపిస్తోంది.
చివరి వరసలో
నాలుగు నిలువు గీతలు,
అడ్డం పడే గీత కోసం
నించునే ఉన్నాయి.