తాళం

గ్రోనింగెన్‌లో వాన. షౌక్యె నెత్తిన
అరవై నాలుగు తీగల టోపీ, జుట్టంతా జిగురు.
నలభై ఏళ్లు కాలువ వంతెన ఎత్తి దించిన చెయ్యి
ఇప్పుడు ఎర్రచుక్కకి ఎడమ మీట, నీలానికి కుడి.

చెప్పకుండా నియమం తిరగేశారు.
వేలు పాత దారినే దూకబోయింది.
నుదుటి వెనక ఎవరో
సెకనుకి ఆరు దెబ్బల తాళం వేశారు.
వేలు గాల్లోనే ఆగింది.

ఆ అలని చూపించాడు కుర్రాడు యోరిట్.
"ఇదా!" అంది, చెవి వెనక జిగురు తుడుచుకుంటూ.
"పడవ కూత వినగానే
ముందు కార్లన్నీ ఆపేదాన్ని.
ఎవర్ని వదలాలో తర్వాతే."

అయినా మరో రెండుసార్లు తప్పు నొక్కింది.

బయట కాలువలో నిజంగానే పడవ కూసింది.
ఆమె తల తిప్పేలోపే
తెర మీద గీత
లేచి నిలబడింది.