కారం చేతులు

డేగపెట్ట నీళ్ల డ్రమ్ము వెనక ముడుచుకుంది.
నూకలు చల్లినా మెడ ఎత్తదు.
కంటి మీద శనగగింజంత బొబ్బ.

నావి మిర్చి యార్డులో తొడిమలు తీసిన చేతులు.
మజ్జిగలో ముంచినా, ఇసకతో తోమినా
నా మంటే నాకు తగ్గలేదు,
దాని కన్ను ఎట్టా ముట్టుకోను?
మోచెయ్యి రెక్క కింద పెట్టి చూశా,
కాలిపోతోంది.

పక్కింటి సిలార్‌బీ వేపాకూ పసుపూ నూరి
చిటికెనవేలితో అద్దింది.
"వేరే గంప కింద మూయ్, మిగతావాటికీ అంటుద్ది" అంది.

తెల్లారి సంచిలో పెట్టుకుని
నల్లచెరువు నుంచి పశువులాసుపత్రికి నడిచా.
ఎన్నాళ్లయింది, అడిగాడు కాంపౌండరు.
రెండ్రోజులన్నా.

గుడ్డు మానేసి వారం.
చీకట్నే పోయి చీకటి పడ్డాక వచ్చేదాన్ని,
ఖాళీ గూట్లో చెయ్యి పెట్టి
పిల్లిని తిట్టుకున్నా.