ఆకు మడిచే దిక్కు

ఆత్మకూరు బస్టాండు పక్కసందులో
పదహారు కుర్చీల మెస్సు నాది.
మధ్యాహ్నం ఒంటిగంటకి
కుర్చీ వెనకాల మనిషి నిలబడి
తినేవాడి మజ్జిగ ముద్దలు లెక్కపెడతా ఉంటాడు.
ఆ తొక్కిడిలోనే వచ్చినారు
పెంచలనరసయ్య సారూ, కామాక్షమ్మా.
ఇరిగేషన్లో రిటైరైన డబ్బు,
చేతిలో రెండు రంగు కాయితాలు.
"కాలేషా, నువ్వు ఓడల్లో చేసినోడివి గదా,
ఏది ఎక్కమంటావు?
యాడ జనం తక్కువ, తిండి బాగుంటాది?"

చేసినా సార్. రెండిట్లోనూ చేసినా.
పెద్దదాంట్లో తలుపు కాడ నా ఉద్యోగం.
ఒక చేతిలో చేతులకి కొట్టే మందు సీసా,
ఇంకో చేతిలో నొక్కితే టిక్కుమనే లెక్కమిషను.
పదహారు అంతస్తులు, అయిదువేల మంది,
పదివేల అరచేతులు.
మొహాలు ఒక్కటీ గుర్తులేవు.
మూడు వేళ్ళ చేయి ఒకటి గుర్తుండాది.

మీరనుకునేట్టు కాదు సార్ రద్దీ అంటే.
ఓడ పెద్దదైతే ఇరుకని ఎవురు చెప్పినారు?
దాంట్లో వడ్డించే చోట్లే ఇరవై.
జనం సోమశిల నీళ్ళ మాదిరి
కాలవ కాలవకీ చీలిపోతారు, మీకు తెలవందా.
వాన పడిందా, చచ్చినాం.
ఈతకొలను కాడ పడుకున్నోళ్ళంతా
తడిగుడ్డల్తో నా తలుపు మీదికే.
ఒక ఆమ్లెట్టుకి నలభై నిమిషాలు.
ఓడ రేవులో ఆగిందా,
అదే హాల్లో
నేనూ, ఎనభై గిన్నెల ఆవిరీ.

ఆ మూడు వేళ్ళాయన రోజూ రెండున్నరకి వచ్చేవాడు.
అప్పటికి అడుగంటిందే మిగిలుండేది.
అయినా కిటికీ పక్క బల్ల ఆయనదే.
తొక్కిడి తప్పించుకోవాలంటే
ఆకలిని వాయిదా వెయ్యాల సార్,
ఇంకో దారి లేదు.

చిన్నదాంట్లో పదకొండొందల మందే.
అయితే ఏంది, ఒకటే హాలు.
ఏడు కొట్టంగానే అందరికీ ఒకేసారి ఆకలి.
పెళ్ళిలో రెండో బంతి చూసినారు గదా,
అదే, కోట్లు తొడుక్కొని.

"రుచి సంగతి చెప్పబ్బయ్యా" అనింది కామాక్షమ్మ.

రుచి నాకేం తెలుసమ్మా.
మేం తినేది నీళ్ళమట్టానికి కింద,
కిటికీ లేని గదిలో,
చింతపండు ఎరగని పప్పు.
అయితే తలుపు కాడ్నించి నన్ను
గిన్నెలు కడిగే కాడికి మార్చినారు ఆర్నెల్లు.
తినేటోడి నోరు మొహమాటపడతాది,
ఎంగిలిపళ్ళెం పడదు.
పెద్దదాంట్లో కొరికి వదిలిన కేకులు,
వేలు తగలని రొయ్యలు,
ఫొటో కోసం పోసుకున్న గుట్టలు.
చిన్నదాంట్లో పళ్ళేలు నాకినట్టు వచ్చేవి,
రొట్టెముక్కతో తుడిచిన గీతలు
కళాయి పూసినట్టు.
ఒక్క ఆదివారం మాత్రం చేప వెనక్కి వచ్చింది,
మూడొందల పళ్ళేలు, కదపకుండా.
వంటాయన లోపలికొచ్చి, చూసి,
టోపీ తీసి పక్కన పెట్టినాడు. ఏమీ అనలా.
పెద్దదాంట్లో వంటాయన ఎవరో
నేను చూడనే లేదు.

సారు కాయితాలు తిప్పతా ఉండాడు.
"అంటే చిన్నదేనంటావా? రేటు రెండింతలుండాదే."
ఆమె అడిగింది, "పెరుగుంటాదా?"
ఉంటాదమ్మా.
చిన్న కప్పులో, తియ్యగా, పండు ముక్కలేసి.
ఆమె చాలాసేపు మాట్లాడలా.
కుర్చీ వెనకాయన దగ్గినాడు.

వాళ్ళు లేచినాక ఆకులు తీసినా.
ఆమె ఆకు తన వైపుకే మడిచుండాది,
లోపల బొమ్మిడాయి ముల్లు
దువ్వెన మాదిరి శుభ్రంగా.
సారు ఆకు మడవనే లేదు.
మొలగొలుకుల అన్నం సగం అట్నే,
పక్కన మరిచిపోయిన కాయితం,
నీలం సముద్రం మీద పులుసు చుక్క
ఓడకన్నా పెద్దగా.

"రాండి, తరవాత ఎవురు?" అన్నా.
నా బొటనవేలు
లేని మిషన్ని నొక్కింది.