ఎనిమిదికోసారి

పగలంతా నా పని చెవులు కొలవడం.
గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి
"కూత వినబడగానే బటన్ నొక్కండి" అంటాను.
కూత వెళ్తూనే ఉంటుంది. బొటనవేలు కదలదు.
కాగితమ్మీద గీత, వాక్లీ కొండ వీధుల్లా,
కుడివైపుకి జారిపోతుంది.

క్లిఫర్డ్ హేగ్ గీత కూడా అలాగే జారింది.
షెఫీల్డ్ ఫోర్జ్‌లో ముప్పై ఎనిమిదేళ్లు
సమ్మెట మిషన్ పక్కన నిలబడ్డ చెవులు.
"పిట్టలు ఇక రావు కదా" అన్నాడు, అడిగినట్టు కాదు.
నేను పెన్ను కోసం వెతుక్కుంటున్నట్టు నటించి
చేతిలో ఒక చీటీ పెట్టాను:
మంగళవారం ఏడింటికి, లాండ్రీ పైగది.
పాట వినడానికి. ఊరికే వినడానికి.

ఇంటికెళ్లే ట్రామ్‌లో
చెవిటివాడి ముందు శంఖం సామెత
చెప్పులో రాయిలా దారంతా నొక్కింది.

క్లబ్బంటే ఏముంది,
అప్పుచేసి కొన్న రెండు స్పీకర్లు
చర్చివాళ్లు పారేయబోయిన ఆరు కుర్చీలు
నిండు కుండలా తొణక్కుండా దింపుకున్న ఫైళ్లు.
ఫోన్లో మనం వినేది కుదించిన పాట అనీ
మనకి అక్కర్లేదనుకున్నవి ముందే కోసేసి పంపుతారనీ
నోటీసులో రాశాను.
రాసి, రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

మాటలొద్దు. ఫోన్లొద్దు.
కింద మిషన్లు ఆఖరి గిరగిర తిరిగి ఆగేదాకా
మొదలుపెట్టొద్దు.

మొదటి మంగళవారం వాన. నలుగురం.
ఇంజనీరింగ్ చదివే టెమిలాడె
కోటు విప్పకుండానే వైర్ల సంగతి అడిగింది.
కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీ చేసే సర్వలక్ష్మిగారు
మరమరాల డబ్బాతో వచ్చారు. నమిలితే చప్పుడని మూత పెట్టించాను.
ఆలాపన సగంలోనే ఆవిడ గురక.
గురక మాటల కిందికి వస్తుందా?
నియమాల్లో లేదు. వదిలేశాం.
క్లిఫర్డ్ వచ్చాడు. తడిసిన టోపీ మోకాలిమీద.

నేను పెట్టింది వీణ.
కాలేజీ రోజుల్నించీ చెవికోసుకునే రికార్డింగు.
బస్సుల్లో, వంటింట్లో, ఒక ఇయర్‌ఫోన్ పాడైపోతే రెండోదాంట్లో
ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.
గమకం తీగమీంచి జారేచోట టెమిలాడె కళ్లు మూసుకుంది.
క్లిఫర్డ్ నేలకేసి చూస్తున్నాడు.
పైస్వరాలు ఆయనదాకా వెళ్లవు.
ఎక్కడ తలుపు మూసుకుంటుందో నాకు అంకెతో సహా తెలుసు,
గీత గీసింది నేనే.

అయిపోయాక ఎవరూ కదల్లేదు.
"కింద చెక్క" అన్నాడాయన.
ఏమిటన్నాను.
"వాయించేవాడు చెక్కమీద కూర్చున్నాడు. మోకాలో ఏదో తగులుతోంది.
ఎనిమిదికోసారి."

నవ్వబోయి ఆగాను. మళ్లీ పెట్టాం.
ఈసారి వీణని దాని మానాన వదిలేసి
దాని అడుగున విన్నాను.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత, క్లిఫర్డ్ వేలు గాల్లోకి లేచినచోట,
పరుపుమీదికి పిల్లి దూకినంత మెత్తగా
దబ్.
మళ్లీ ఎనిమిది లెక్కపెట్టాను. దబ్.
తనకే తెలియకుండా తాళం వేస్తున్న
ఒక మోకాలు, ఏనాటిదో ఒక బల్ల.

నాకు కంఠతా వచ్చిన పాట.
ఇన్నేళ్లూ ఆ మనిషిని
గాల్లో కూర్చోబెట్టి విన్నాను.

సర్వలక్ష్మిగారు లేచి "అయిపోయిందా" అన్నారు.
మంచి నిద్ర పట్టిందని కూడా అన్నారు, మెచ్చుకోలుగానే.
డబ్బా మూత తీశారు. అందరం మరమరాలు తిన్నాం, చప్పుడు చేస్తూ.
కింద ఎవరో ఆలస్యంగా బట్టలు వేసినట్టున్నారు,
నేల సన్నగా వణికింది.
క్లిఫర్డ్ వంగి అరచెయ్యి ఆనించాడు.
"దుప్పటి" అన్నాడు. "తడిదుప్పటి. ఒకవైపే బరువు."

వచ్చే మంగళవారం ఆయన వంతు,
తమ ఫోర్జ్‌వాళ్ల బ్రాస్ బ్యాండు తెస్తాడట.
టీలోకి పాలు నేను తేవాలి.