నూటికి డెబ్బై

పార్వతీపురం బస్సు మలుపు తిరిగినప్పుడల్లా
నా గదిలో ముల్లు వణుకుతుంది.
గోడలకి స్పాంజి పలకలు అంటించాం గానీ
విజయనగరాన్ని పూర్తిగా బయట నిలబెట్టడం ఎవరి తరం?

లెంక గౌరయ్య, అరవై రెండు.
ముప్పై నాలుగేళ్ళు నెల్లిమర్లలో, జనపనార మగ్గం మీద.
చెవులకి డిప్పలు తగిలించి, చేతికి బొత్తాం ఇచ్చి
"వినపడితే నొక్కు తాతా" అన్నాను.
నొక్కాడు.
నేనింకా ఏమీ పంపలేదు.
మళ్ళీ నొక్కాడు.
"ఏం వినపడింది?"
"ఏటీ నేదమ్మా. నువ్వంత కస్టపడి పంపతన్నావు గదా,
ఇనపళ్ళేదంటే బాగోదని."

మర్యాదని వడకట్టి వినికిడిని మాత్రం కొలవడం
పుస్తకంలో అర పేజీ.
ఇక్కడ ఒక పూట.

పది తగ్గించు, ఐదు పెంచు.
పది తగ్గించు, ఐదు పెంచు.
చీకట్లో ఆఖరి మెట్టు కోసం
కాలు చాచి వెతుక్కున్నట్టు.

తరవాతి ప్రశ్న నా సొంతం, ఫారంలో లేదు:
"ఈ మోతకి పది అనుకో. మరి దీనికెంత?"
"పదేను."
"దీనికి?"
"ఇరవై... ఉండు, ఇరవయ్యొకటి."
బేరంలో చివరి రూపాయి దగ్గర ఆగినట్టు ఆగాడు.
"మిల్లులో మగ్గాల మోతకో?"
ఆలోచించనైనా లేదు.
"సున్నా."

సున్నా?
"అక్కడ సప్పుడేదమ్మా! సేరిన కొత్తల్లో వారం రోజులు, అంతే.
లాకౌటైన నాడు ఇన్నాను నాను.
షిఫ్టు మద్దిలో అన్నీ ఒక్కపాలి ఆగిపోనాయి సూడు,
అదీ మోతంటే.
దానికి నూరెయ్యి."

నా పెన్ను గడి మీద చాలాసేపు నిలబడింది.
నిశ్శబ్దానికి నూరు వేసే కాగితం
మాకింకా అచ్చు కాలేదు.

స్థాయి దగ్గరికొచ్చేసరికి మాట కుదరలేదు.
"ఏది ఎక్కువ?" అంటే గట్టిదాన్ని చెప్పాడు.
"ఏది పైన?" అంటే ఫ్యాను వైపు చూశాడు.
చివరికి దారి తనే చూపించాడు,
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
లేని పోగుకి పురి తిప్పుతూ:
"ఇది లావు. ఇది సన్నం.
ఇది మరీ సన్నం, తెగిపోద్ది."
నా దగ్గర అంకెలు, అతని వేళ్ళ మధ్య నార.
రెండూ ఒకే వరసలో నడిచాయి
నాలుగు వేల దాకా.
అక్కడ తెగింది.
గ్రాఫు మీద గీత, నూతిలోకి చేద జారినట్టు జారింది.

ఆ నూతిలో ఏమేం పడి ఉంటాయో నాకు తెలుసు.
పిచ్చుక. కుక్కరు కూతకి ముందొచ్చే బుస.
గచ్చు మీద పడ్డ చిల్లర.
సన్నెమ్మ అనే పేరులో మొదటి అక్షరం.

సన్నెమ్మ బయట బల్ల మీద ఉంది.
ఆమె నోరు తెరిస్తే వీధంతా తగువే అనుకుంటుందట.
"మొగుణ్ణి అలగ అరుస్తాదేటని
కొత్తగా అద్దెకొచ్చినోళ్ళు సెప్పుకుంతన్నారు."
గట్టిగా అంటే కోపమనీ
మెల్లగా అంటే మంచితనమనీ
ఎవరు తూచి పెట్టారో.
మా అమ్మ కూడా నన్ను ఆ తక్కెడతోనే పెంచింది.

కానీ లోపలికొచ్చి, అతని ఎడమ చెవి పక్కన వంగి
మాట్లాడిందే, అది అరుపు కాదు.
నాతో మాట్లాడినప్పుడు పేరుకి తగ్గ సన్నటి గొంతు.
అతనితో లావు.
ఏళ్ళ తరబడి, పోగు మీద పోగు పేనుకుంటూ
అతని చెవికి అందే దాకా దించుకుంది.
ఎంత దించాలో ఏ యంత్రం చెప్పిందని?
అతని మొహం చూసుకుంటూ దించి ఉంటుంది,
పది తగ్గించి, ఐదు పెంచి.

"ఎంతొచ్చిందమ్మా?" అంది నాతో.
"డెబ్బై" అన్నాను. నష్టాన్ని మేం అలాగే రాస్తాం.
"నూటికేనా?"
ఆ మొహంలో, పరీక్ష పాసైన పిల్లాడి తల్లి.
నేను నోరు తెరిచేలోగా
అతని వైపు తిరిగి, ఆ లావు గొంతుతో,
మూడు లాంతర్ల దాకా వినపడేలా:
"డెబ్బయ్యంట!"

గౌరయ్య నవ్వి
బొత్తాం నొక్కాడు.