చిగురు రంగు

కుతైసీలో జూలై ఎండ
మనుషుల మీదకన్నా ఆగివున్న కార్ల మీద ఎక్కువ పగబడుతుంది.
ఇరవై ఎనిమిదేళ్ళ నా ఓపెల్
బేకరీ ముందు దక్షిణానికి మొహం పెట్టి
రోజూ నాలుగు గంటలు నిలబడేది.
అద్దం వెనక నల్ల ప్లాస్టిక్ ఊరుకుంటుందా?
ముందు తెల్లబోయింది.
తర్వాత పెళుసెక్కింది.
ఒక మంగళవారం, గడియారం సరిచేద్దామని
బొటనవేలితో నొక్కితే
టప్పున
మీటర్ల చట్రం అంచు నుంచి రేడియో దాకా
నెర్రె విచ్చింది,
వానకి మొహం వాచిన మొక్కజొన్న చేలో విచ్చినట్టు.

అప్పటినుంచి త్కిబులి ఎక్కుడు రోడ్డులో
మూడో గేరు వేసిన ప్రతిసారీ
కిర్రు, కిర్రు.
వెనక రొట్టెలు బుద్ధిగా కూచునేవి.
ముందు మాత్రం ఎవరో గింజలు నములుతున్నట్టు.
టేపు వేశాను. జిగురు కరిగి చొక్కాకి అంటింది.
మడిచిన లాటరీ టికెట్టు దూర్చాను.
తగలని టికెట్టు కదా, అక్కడా నిలవలేదు.
పాత సామాన్ల సంతలో అదే ముక్క దొరికింది గానీ
అది బూడిద రంగు. పైగా దానికీ నెర్రె,
నా దానికన్నా జానెడు పొడవు.
"మీదే నయం" అన్నాడు అమ్మేవాడు.
ఆ ఒక్క మాటకీ డబ్బు తీసుకోలేదు.

మా కింది అంతస్తులో లమారా ఉంటుంది.
ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో కట్టుడు పళ్ళు చేసింది.
ఆస్పత్రి మూతపడ్డాక
పనిముట్లన్నీ వంటింటి సొరుగులోకి వచ్చాయి,
గరిటెల పక్కన.
చట్రం విప్పి చంకన పెట్టుకుని వెళ్ళాను.

"ఎప్పటినుంచి?" అంది,
పంటినొప్పి సంగతి అడిగినట్టే.
గోటితో తట్టింది. చెవి ఆనించి వింది.
"లోపల రెండు కొక్కేలు కూడా పోయాయి.
మర విప్పకుండా పీకావు."
నేను గోడమీద క్యాలెండరు చూశాను.

నెర్రె ఆగినచోట సూదంత బెజ్జం వేసింది.
"ఇంతవరకూ చాలు అని ఎవరో ఒకరు చెప్పాలి దీనికి.
లేకపోతే పాకుతూనే ఉంటుంది."
వెనకవైపు ఇత్తడి తీగ కాల్చి అద్దింది.
తర్వాత పొడీ ద్రవమూ కలిపేసరికి
వంటిల్లంతా పళ్ళ డాక్టరు వాసన.
పిల్లి లేచి వెళ్ళిపోయింది.

ఈ ప్లాస్టిక్ మీద తోలు ముడతలుంటాయి చూడండి,
ఎన్నడూ గడ్డి మేయని ఏ ఆవుదో.
ఇరవై ఎనిమిదేళ్ళలో నా చెయ్యి తగలని ఒక మూల
ఆ ముడతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.
అక్కడ అచ్చు తీసి
ఆరీ ఆరని పూత మీద ఒత్తింది.
"పక్క పన్ను చూసే పన్ను చెక్కుతాం."

ఎత్తి చూపిస్తే
నల్లటి చట్రం మధ్య
గులాబీ గీత. అచ్చం చిగుళ్ళ రంగు.
నా మొహం చూసి
"నల్ల చిగుళ్ళు కావాలని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు నన్ను.
ఉన్న పొడి ఇదే. పైన రంగు నువ్వేసుకో" అంది.
డబ్బు వద్దంది. రెండు రొట్టెలు చాలట.
"గట్టి అంచువి పట్రా. నా పళ్ళు నావే."

నల్ల రంగు డబ్బా ఆ సాయంత్రమే కొన్నాను.
సెప్టెంబరు వచ్చింది.
డబ్బా డిక్కీలోనే ఉంది, పిండి బస్తా కింద.
రేపు వేద్దామనుకుంటాను.
కారెక్కినవాళ్ళు వేలుపెట్టి అడుగుతారు, ఇదేమిటని.
చిగురేసింది అంటాను.

ఇప్పుడు మూడో గేరులో కిర్రు లేదు.
ఆ నిశ్శబ్దంలో
వెనక రొట్టెల పెంకు చల్లబడుతూ
చిటచిటమని పగలడం వినిపిస్తోంది.
ఇన్నాళ్ళూ
ఆ చప్పుడు కూడా డాష్‌బోర్డుదే అనుకుని
తిట్టాను.